పత్తి మిల్లులో ఉప్పునీటి తొట్టి

కరీంనగర్‌లో ముప్పై ఒక్క ఏళ్లు చేపల తొట్లు అమర్చాను, బాగుచేశాను, కడిగాను. చివరి పద్దెనిమిదేళ్లు ఎక్కువగా ఉప్పునీటి తొట్లే చూశాను. సముద్రం మనకు ఒక రాత్రి బస్సు ప్రయాణమంత దూరం. అయినా ఈ జిల్లాల్లో సముద్రపు చేపల్ని పెంచుకోవాలనుకునేవాళ్లకు కొదవలేదు. డాక్టర్లు, హోటళ్ల యజమానులు, బొగ్గుగనుల కాలనీల్లో రిటైరైనవాళ్లు, పత్తి మిల్లుల సేట్లు. వాళ్ల తొట్ల కిందుండే అల్మారాల్లో దూరి దూరి నా మోకాళ్లు అరిగిపోయాయి.

ఈ పనిలోకి కొత్తగా దిగుతున్న పిల్లలు ఇంటికి వస్తుంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "చేపలు కిక్కిరిసిన తొట్టికి ఏ స్కిమ్మర్ పెట్టాలి?" వాళ్లకు కావలసింది ఒక కంపెనీ పేరు. పేరు చెప్పి పంపించడం రెండు నిమిషాల పని. నేను మాత్రం ఆదిలాబాద్ మిల్లు సంగతి చెప్తాను. అక్కడ నేను తొందరపడి అన్న ఒక్క మాట వల్ల, ఊపిరి సరిగా ఆడని ఒక ఆడమనిషిని పత్తి దుమ్ములోకి పంపించారు. ఆ మాట ఎలా వచ్చింది, దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఏం చేయాల్సి వచ్చింది అన్నదే ఇక్కడ రాస్తున్నాను. ఆ సంవత్సరాల డైరీలు నా ముందే ఉన్నాయి కాబట్టి గుర్తున్నది కొంత, ఊహించింది కొంత కలిపి చెప్పే అవసరం లేదు.

నురుగు సంగతి

స్కిమ్మర్ అంటే నురుగు తీసే యంత్రం. ఉప్పునీళ్లలోకి సన్నటి గాలి బుడగల్ని దట్టంగా వదిలితే, చేపల పెంట, మిగిలిపోయిన మేత కరిగి నీళ్లలో చేరిన జిడ్డు ఆ బుడగలకు అంటుకుంటుంది. బుడగలు పైకెక్కి నురుగు కట్టి, గొంతులాంటి గొట్టం గుండా పైనున్న కప్పులోకి పొర్లుతాయి. పప్పు ఉడికేటప్పుడు తేలే తెట్టును గరిటెతో తీసి పారబోసినట్టే. పప్పులో తెట్టు మిగిలితే రుచి చెడుతుంది, ఇక్కడ మిగిలితే చేపలు చస్తాయి.

డబ్బా మీద "వెయ్యి లీటర్ల తొట్టికి" అని రాసి ఉంటుంది. ఆ అంకె తొట్టిలో నాలుగైదు చేపలున్నప్పటి మాట. చేపలు నిండుగా ఉన్న తొట్టికి దాన్ని సగం చేసి చదువుకోండి. తర్వాత అది ఎంత గాలి పీలుస్తుందో, దాని ఒళ్లు ఎంత లావో, గొంతు ఎంత వెడల్పో అడగండి. ఒళ్లు సన్నగా ఉండి గాలి ఎక్కువ పీల్చేదైతే లోపల నీళ్లు కుతకుతలాడతాయి తప్ప నురుగు నిలవదు. గొంతు మరీ వెడల్పైతే నురుగు పైదాకా ఎక్కలేదు. స్కిమ్మర్ నిలబడే అరలో నీళ్లు రోజూ ఒకే ఎత్తున ఉండాలి. అంగుళం పెరిగితే కప్పులోకి ఉత్త నీళ్లే పొర్లుతాయి, అంగుళం తగ్గితే నురుగు గొంతులోనే ఎండిపోతుంది. పెట్టిన మొదటి వారం అది సరిగా నడవదు. ఆ వారం దాన్ని తిట్టకండి, మరలు తిప్పకండి.

అల్మారా ఎత్తు కొలిచేటప్పుడు కప్పును పైకి లాగడానికి చోటుందో లేదో కూడా కొలవండి. నేను ఇది రెండుసార్లు మరిచాను. ఒకచోట వడ్రంగిని పిలిచి కొత్త అల్మారా పైచెక్క కోయించాల్సి వచ్చింది. ఆ ఇంటావిడ నాకు ఆ రోజు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఆమె తప్పేమీ లేదు.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. కప్పు రోజూ తీసి కడిగేది యజమాని కాదు, ఆ ఆఫీసులో ఊడ్చే మనిషి. ఆ మనిషి చేతికి కప్పు సులువుగా రావాలి. కొనేముందు ఆ మనిషిని పిలిచి ఒకసారి తిప్పి చూడమనండి.

ఉస్తాద్ నేర్పింది

నాకు పని నేర్పింది గఫూర్ ఉస్తాద్. కరీంనగర్ టవర్ దగ్గర ఆయనకు చిన్న దుకాణం ఉండేది. నేను మొదట సొంతంగా పెట్టిన ఉప్పునీటి తొట్టి పిల్లల ఆసుపత్రిలో. ఉత్సాహం కొద్దీ దుకాణంలో ఉన్న అన్నిటికంటే పెద్ద స్కిమ్మర్ పెట్టాను. పది రోజులైనా నురుగు కప్పులోకి ఎక్కలేదు. ఉస్తాద్ వచ్చి, వరుసలో కూర్చున్న తల్లులందరి ముందే మొదలుపెట్టాడు.

"ఎన్ని చేపలున్నయ్ రా అండ్ల?"

"ఐదు ఉస్తాద్."

"ఐదు చేపలకు గింత మెషీనా? దావత్‌కు ఐదుగురొస్తే రెండు దేగుల బిర్యానీ వండుతవా?"

"పెద్దదైతే మంచిదే గదా అని..."

"పెద్దది మంచిది గాదు మియా, సరిపోయేది మంచిది. ముందుగాల చేపల్ని లెక్కవెట్టు. మేతెవలు ఏస్తరో సూడు. కప్పెవలు కడుగుతరో అడుగు. మెషీన్ దాని ఎన్క."

ఒక బిడ్డ ఏడుపు మాని మావైపే చూస్తోంది. ఆ తిట్లు నాకు బతుకంతా పనికొచ్చాయి.

ఉస్తాద్ నేర్పిన ఇంకో సంగతి మాత్రం పనికిరాలేదు. "దుకాణం మాట కింద పడొద్దు" అనేవాడు. చేప చచ్చిందని ఎవరైనా వస్తే, తప్పు ఎప్పుడూ మనది కాదు. నీళ్లు మార్చలేదు, మేత ఎక్కువైంది, పిల్లలు చెయ్యి పెట్టారు, ఇలా ఏదో ఒకటి ఇంటివాళ్ల మీదకే తోయాలి. "మనం తప్పు ఒప్పుకుంటే రేపు ఇంకో దుకాణానికి పోతరు" అని ఆయన లెక్క. నేను ఆయన దగ్గర ఉన్నంతకాలం ఈ మాటను ప్రశ్నించలేదు. బయటికొచ్చాక కూడా ఆ అలవాటు నోట్లోనే ఉండిపోయింది. "మేత ఎక్కువైంది" అనడానికి ఏ పరీక్షా అక్కర్లేదు. పదిలో ఏడుసార్లు అది నిజమే అవుతుంది కూడా. అందుకే అది ప్రమాదకరమైన మాట.

బాబన్ సేటు తొట్టి

ఆదిలాబాద్‌లో బాబన్ సేటుకు జిన్నింగు మిల్లు ఉండేది. కాంటా పక్కన ఆఫీసు గది. పత్తి బండ్లతో వచ్చిన రైతులు తూకం కోసం అక్కడే కూర్చునేవాళ్లు. ఆ గదిలో గోడ పొడవునా వెయ్యి లీటర్ల ఉప్పునీటి తొట్టి కావాలన్నాడు సేటు. ఆయన మరాఠీ మనిషి, నన్ను భావూ, అంటే అన్నా, అని పిలిచేవాడు.

"బండి దిగిన రైతు ముందుగాల చేపల్ని సూడాలె భావూ, తరువాత కాంటా సూడాలె. మనసు చల్లవడ్తది."

"కాంటా మంచిగుంటే సాలదా సేట్?" అన్నాడు బెంచీ మీద కూర్చున్న ఒక ముసలాయన. సేటుతో సహా అందరూ నవ్వారు.

సేటు చేపలకు అడ్డూ అదుపూ ఉండదని మొదటి రోజే అర్థమైంది. అందుకే డబ్బా మీద రెండు వేల లీటర్లని రాసున్న స్కిమ్మర్ ఎంచాను. ఒళ్లు లావు, పంపు విడిభాగాలు హైదరాబాద్‌లో దొరుకుతాయి, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడుస్తుంది. ఆ ఎంపిక సరైనదే. ఇవాళ అడిగినా అదే పెడతాను.

నేను నెలకోసారి వెళ్లేవాణ్ని. మిగతా రోజుల్లో తొట్టిని చూసుకునేది రూతమ్మ. యాభై ఏళ్ల మనిషి. అంతకుముందు పదిహేనేళ్లు ఆ మిల్లులోనే, జిన్నింగు షెడ్డులో, గింజ విడిపోయిన దూదిని ఎత్తేది. దమ్ము పట్టుకుంది. ఇంకా దుమ్ములో పనిచేస్తే ఊపిరితిత్తులు మిగలవని డాక్టరు చెప్పాడు. సేటు ఆమెను ఆఫీసు గదిలోకి మార్చాడు. గది ఊడ్చడం, రైతులకు మంచినీళ్లు ఇవ్వడం, తొట్టి చూడటం. ఆ తొట్టి ఆమెకు ముచ్చట కోసం పెట్టింది కాదు, షెడ్డుకు వెళ్లకుండా బతకడానికి దొరికిన పని. కిటికీలు తెరిస్తే ఆ గదిలోకీ కొంత దూది నుసి వచ్చేది. కానీ షెడ్డు వేరు. అక్కడ సీజన్‌లో ఎదుటి మనిషి మొహం మసకగా కనబడుతుంది.

ఆమె చేపలకు పేర్లు పెట్టింది. పసుప్పచ్చ టాంగ్ చేప "పసుపుకొమ్ము". అందరినీ తరిమే ట్రిగ్గర్ చేప "పోలీసాయన". ఆదివారం చర్చి నుంచి ఇంటికి పోతూ కూడా మిల్లుకు వచ్చి మేతేసి వెళ్లేది. చేతులు మోచేతుల దాకా కడిగేది, సబ్బు లేకుండా. సబ్బు, నూనె తగిలితే నురుగు పడిపోతుందని నేను ఒక్కసారే చెప్పాను. రెండోసారి చెప్పే పని పడలేదు.

సేటు బొంబాయి వెళ్లినా, నాగ్‌పూర్ వెళ్లినా చేపలతో తిరిగొచ్చేవాడు. పది చేపలు హాయిగా ఉండే తొట్టిలో మూడో ఏటికి ఇరవై మూడు అయ్యాయి. వద్దని రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పలేదు. ఖాతాదారుకు ఎన్నిసార్లు చెప్తామని సర్దుకున్నాను. అదీ తప్పే.

ఆ మూడో ఏడు వానాకాలంలో సేటు ఒక ఫిర్యాదు చేశాడు.

"భావూ, ఫోన్ల మాట్లాడుతుంటే గా బుసబుస ఏంది? అవుతలోడు 'సేట్‌జీ, గ్యాస్ లీకైతుందా' అని అడుగుతుండు."

స్కిమ్మర్ గాలి పీల్చే గొట్టం చివర వచ్చే చప్పుడు అది. నేను ఆ మూతికి ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా తగిలించి, లోపల స్పాంజి ముక్క పెట్టి మూత బిగించాను. చప్పుడు ఆగిపోయింది. సేటు సంతోషించాడు, నేనూ నా పనితనానికి సంతోషించాను.

నేనన్న మాట

దసరా దాటింది, పత్తి వచ్చింది, మిల్లు నడక మొదలైంది. ఆ నెల వెళ్లినప్పుడు రూతమ్మ నా పక్కన నిలబడి చెప్పింది.

"సారూ, నురుగు దిగింది. మిల్లు షురువైన కాడ్నుంచి కప్పుల ఏం వస్తలేదు."

"మరలు ఏమన్నా తిప్పినవా?"

"నేనెందుకు దిప్పుత? ఇంకోటి గూడ. మునుపు గా గొట్టం పాము బుసకొట్టినట్టు ఇనొచ్చేది. ఇప్పుడు జరంత గూడ ఇనొస్తలే."

"అది ఇనరాకుండ నేనే చేసిన రూతమ్మా. సేటే అడిగిండు."

"మంచిగ జేసిన్రో లేదో జర సూడున్రి."

నేను నిర్మల్ బస్సు వేళ చూసుకుని మరను కొంచెం తిప్పి బయల్దేరాను.

మూడు వారాలకు సేటు ఫోన్ చేశాడు. నాలుగు చేపలు చచ్చాయి. పసుపుకొమ్ము మొదట పోయింది. వెళ్లి చూస్తే నీళ్లు పచ్చబారి, మిగిలిన చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. కప్పులో వేలెడు మందాన పలచటి నీళ్లు. సగం నీళ్లు మార్పించి గాలి పంపులు రెండు పెట్టించాను. ప్రాణం మీదికొచ్చినప్పుడు చేయాల్సిన పని అదే, అది సరిగ్గానే చేశాను. తర్వాత సేటు అడిగాడు.

"ఏమైంది భావూ? కాయ్ ఝాలా? గంత పెద్ద మెషీన్ వెడ్తిమి గదా!"

అల్మారాలో నేను బిగించిన డబ్బా నా కళ్లెదురుగానే ఉంది. దాని మూత విప్పలేదు. నా నోటి నుంచి ఉస్తాద్ మాట వచ్చేసింది.

"మేత ఎక్కువైంది సేట్. ఇంకొంచెం పెద్ద స్కిమ్మర్ గూడ పెట్టాలె."

సేటు తిరిగి రూతమ్మ వైపు చూశాడు. ఆమె మంచినీళ్ల బిందె దగ్గర నిలబడి ఉంది.

"పొద్దుగాల ఒక చిటికె, మాపటికి ఒక చిటికె. సారు జూపెట్టినంతే," అందామె.

"చేతి అంచనా ఒక్కోసారి పెరుగుతది," అన్నాను నేను.

ఆమె నావైపు చూసింది.

రెండు రోజులకు సేటు మళ్లీ ఫోన్ చేశాడు. "మీరు ఫికర్ జెయ్యకున్రి. రూతమ్మను షెడ్డుకు తోలిన. మేత మన లెక్కల మునీమ్ ఏస్తుండు, సగానికి సగం. పెద్ద మెషీన్ తొందరగ తీస్కరాన్రి."

ఆమెకు దమ్ము జబ్బు ఉందని నాకు తెలుసు. "సరే సేట్" అన్నాను. ఆ "సరే" కూడా ఆ నాటి డైరీ పేజీలో ఉంది.

మూడేళ్ల పేజీలు

కొత్త స్కిమ్మర్ ఎంత పెద్దదై ఉండాలో తేల్చడానికి ఒక ఆదివారం పొద్దున మూడేళ్ల డైరీలు తీసి ఆ తొట్టి రాతలన్నీ ఒక కాగితం మీదికి ఎక్కించాను. ప్రతి తొట్టికీ నేను కప్పులో నురుగు ఎన్ని వేళ్ల ఎత్తు, ఏ రంగు అన్నది రాసుకునేవాణ్ని. రాయడమే కానీ ఒకదాని కింద ఒకటి పెట్టి చూసిన పాపాన పోలేదు.

మొదటి ఏడు వానాకాలంలో నాలుగు వేళ్లు, డికాక్షన్ రంగు. మిల్లు నడిచే నెలల్లో మూడు వేళ్లు. ఎండాకాలం మిల్లు మూతపడ్డాక మళ్లీ నాలుగు. రెండో ఏడూ అంతే. మూడో ఏడు దసరా దాటాక ఒక వేలు, నీళ్ల రంగు. చేపలేమో ఏటికేడు పెరిగాయి. చేపలు పెరిగితే, మేత ఎక్కువైతే నురుగు పెరగాలి. ఇక్కడ చేపలు పెరిగేకొద్దీ నురుగు తగ్గింది. మేత వల్ల అయ్యే పని కాదిది. పైగా మునీమ్ మేత సగం చేసి రెండు వారాలు దాటింది. ఆ రెండు వారాల్లో ఇంకో చేప పోయింది.

మిల్లు నడిచే నెలలకూ నురుగుకూ ఏమిటి సంబంధం? స్కిమ్మర్ తాగేది గాలి. ఆ గాలిలో దూది నుసి. ఆ గాలి వెళ్లే మూతికి స్పాంజి పెట్టింది నేను.

అదే కాగితం మీద, మూడో ఏటి వరుసలో, నా చేతిరాతలోనే ఉంది: "రూతమ్మ: బుస వినబడటం లేదట." పక్కనే నేను రాసుకున్న మాట: "మంచిదే."

ఫోన్లో చెప్దామనిపించింది. కానీ ఫోన్లో చెప్తే సేటు "ఔనా" అని ఊరుకుంటాడు. ఆమె షెడ్డులోనే ఉండిపోతుంది. మరునాడు మొదటి బస్సుకు బయల్దేరాను. తేలేదాకా ఆదిలాబాద్‌లోనే ఉండాలని మూడు జతల బట్టలు పెట్టుకున్నాను.

మూడు పొద్దులు

మిల్లు గేటు దాటగానే షెడ్డు వైపు చూశాను. ముక్కుకు తువ్వాల కట్టుకుని రూతమ్మ దూది బేళ్ల పక్కన కూర్చుని ఉంది. భుజాలు పైకీ కిందికీ ఆడుతున్నాయి. నన్ను చూసి మొహం తిప్పుకుంది.

ఆఫీసులోకి పోయి అల్మారా తెరిచి డబ్బా మూత విప్పాను. స్పాంజి కనబడలేదు. దాని మీద తడి ఉప్పు పట్టి, దూది నుసి పేరుకుని గట్టిపడి, గుర్రపు జీను కింద వేసే నమ్దా లాగా అయింది. గొట్టం మూతికి బొటనవేలు అడ్డం పెడితే పీల్పు తెలియాలి. ఏమీ తెలియలేదు. పెద్ద యంత్రం రెండు నెలలుగా గాలి లేకుండా నీళ్లను ఊరికే తిప్పుతోంది. నమ్దాను పీకేశాను. గొట్టం బుసకొట్టింది. మొదటి రెండేళ్లు గొట్టం మూతిని రూతమ్మ గుడ్డతో తుడిచేదట. నేను డబ్బా బిగించాక ఆమెకు తుడవడానికి మూతే కనబడలేదు. ఈ సంగతి ఆ రోజు మునీమ్ చెప్పాడు.

ఆ ముద్దను కాగితంలో పెట్టి సేటు బల్ల మీద ఉంచాను.

"తప్పు నాది సేట్. మేతది గాదు. రూతమ్మను షెడ్డు నుంచి పిలిపియ్యున్రి."

సేటు దాన్ని పెన్నుతో కదిపాడు. "మొన్ననే మేతన్నరు. ఇయ్యాల దూదంటున్నరు. రేపేమంటరు భావూ?"

"మూడు పొద్దులు సూడున్రి. మేత మళ్లీ రూతమ్మ వేసినంతే వెయ్యమనున్రి. నురుగు రాకుంటే మిషన్ నేనే ఎత్తుకపోత, మళ్ల మీ గడప తొక్క."

"సూద్దాం."

"అందాక ఆమెను షెడ్డుల ఉంచకున్రి. ఊపిరాడుత లేదు."

"తేలనియ్యున్రి. తేలకముందే పిలిస్తే మంది నవ్వుతరు."

ఆ మాట దగ్గర నేను ఇంకా గట్టిగా నిలబడాల్సింది. నిలబడలేదు. దానికి బదులు పనిలో పడ్డాను. గోడకు రంధ్రం వేయించి గొట్టాన్ని వెనక గదిలోకి తీసుకెళ్లాను. అక్కడ పాత లెక్కల పుస్తకాలుంటాయి, కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. మూతికి స్పాంజి బదులు పలచటి మల్లు గుడ్డ ఒక్క పొర కట్టాను, వారానికోసారి విప్పి ఉతకడానికి వీలుగా. ఇప్పుడు బుస సేటు బల్ల దాకా రాదు, అల్మారాలో చెవి పెట్టి వింటే మాత్రం సన్నగా తెలుస్తుంది. స్కిమ్మర్ ఒళ్లంతా విప్పి వేడినీళ్లతో కడిగి బిగించాను.

మొదటి పొద్దు కప్పులో అర వేలు, తెల్లగా. సేటు చూసి పెదవి విరిచాడు. రెండో పొద్దు రెండు వేళ్లు, చాయ రంగు. సేటు కప్పు వైపు రెండుసార్లు వచ్చి చూశాడు. ఆ మధ్యాహ్నం నేను షెడ్డు గుమ్మం దాకా వెళ్లాను. లోపల మరల చప్పుడులో మాట వినబడదు. రూతమ్మ నన్ను చూసి, తువ్వాల కిందికి లాగి, ఒకే మాట అంది.

"వచ్చిందా?"

"రెండు వేళ్లు," అని చేత్తో చూపించాను. ఆమె తువ్వాల మళ్లీ కట్టుకుంది.

మూడో పొద్దు నాలుగు వేళ్లు. నల్లటి డికాక్షన్. సేటు కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని "ఛీ, అయ్యో దేవా!" అని విసిరేసినంత పని చేశాడు. బెంచీ మీద రైతులు నవ్వారు. నీళ్లలో పోలీసాయన మళ్లీ తక్కినవాటిని తరుముతున్నాడు.

"ఒప్పుకున్న భావూ," అన్నాడు సేటు. "పిలువున్రి ఆమెను."

ఆమె పెట్టిన షరతు

రూతమ్మ గుమ్మంలోనే నిలబడింది. జుట్టంతా దూది. నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీస్తోంది. బెంచీ మీద పదిమంది రైతులున్నారు. మునీమ్ ఉన్నాడు. నేను లేచి నిలబడి, అందరికీ వినబడేలా చెప్పాను.

"రూతమ్మ మేత ఎక్కువ వెయ్యలేదు. నేను పెట్టిన స్పాంజితోని గాలి బందైంది. ఆమె నాకు ముందే చెప్పింది. నేను ఇనలేదు. తప్పు నాది."

ఉస్తాద్ ఉంటే దుకాణం మూసుకున్నట్టే అనేవాడు. మూతపడలేదు. ఆ బెంచీ మీద కూర్చున్న ఒకాయన తర్వాతి ఏడు తన కొడుకు హోటల్ తొట్టి పని నాకే ఇప్పించాడు. కానీ అది నాకు అప్పుడు తెలియదు. అప్పుడు నా చెవులు కాలుతున్నాయి, అంతే.

రూతమ్మ మెత్తబడలేదు.

"నురుగు దిగిందని జెప్పిననాడు మీరు బస్సు టైం జూసుకుంటుండె సారూ."

"నిజమే," అన్నాను, మళ్లీ అల్మారా ముందు కూర్చుంటూ.

సేటు కలగజేసుకున్నాడు. "అయిపోయిందేదో అయిపోయింది. రేపట్నుంచి ఆఫీసుల్నే ఉండు. భావూ, ఇగ మెషీన్ మంచిగ నడుస్తుంది గదా, ఇగో..." అని బల్ల కింద నుంచి ఒక తెల్లటి థర్మాకోల్ డబ్బా పైకి తీశాడు. పొద్దున్నే నాగ్‌పూర్ బస్సులో వచ్చిందట. రెండు ఏంజెల్ చేపలు, అరచేతులంత. చచ్చినవాటి చోటులోకి.

నేను నోరు తెరిచేలోపే రూతమ్మ అంది. "నేను రాను."

"ఏందీ?"

"అండ్ల కొత్తవి ఏస్తే నేను రాను సేటు. గీ మిషన్ గింతనే గుంజుతది. అండ్ల ఇప్పటికే మస్తున్నయి. మళ్ల నీళ్లు పాడైతయి, మళ్ల సస్తయి, మళ్ల నన్నే అంటరు. ఇగ నుంచి నన్ను అడగంది ఒక్క చేప గూడ తొట్లె వడొద్దు."

సేటు నవ్వాడు, కానీ నవ్వు సగంలో ఆగింది. "అరే, తొట్టి నాదా, నీదా?"

"తొట్టి నీదే సేటు. సచ్చినయి దీసేది నేను."

బెంచీ మీద ఎవరూ నవ్వలేదు. సేటు నావైపు చూశాడు.

"ఇంక పెద్ద మెషీన్ వెడ్తే అయిపోద్ది గదా భావూ?"

ఆ ఒక్క "అవును" అంటే ఒక పెద్ద స్కిమ్మర్ అమ్ముడయ్యేది. సేటూ సంతోషించేవాడు.

"ఎంత పెద్దది పెట్టినా మీరు దాన్ని నింపుతరు సేట్. ఆమె చెప్పిందే సరైన లెక్క. ఇంకో నాలుగు చేపలు దీసేస్తే ఈ మిషనే పదేళ్లు నడుస్తది."

"గీ రెండు మాత్రం... గింత దూరం నుంచి వచ్చినయి. గివ్వే ఆఖరు."

రూతమ్మ తువ్వాల ముక్కు మీదికి లాక్కుంది. వెనక్కి తిరిగి షెడ్డు వైపు నడవడం మొదలుపెట్టింది. మెట్టు దిగి, గోడ పట్టుకుని, ఒకసారి ఊపిరి తీసుకుని, మళ్లీ నడిచింది. బెదిరించడానికి కాదు, నిజంగానే వెళ్లిపోతోంది. ఆ దుమ్ములోకి ఆమె ఎంతకాలం వెళ్లగలదో ఆ గదిలో అందరికీ తెలుసు. ఆమెకు అందరికంటే బాగా తెలుసు.

"ఆగు, ఆగు!" సేటు కుర్చీలోంచి లేచాడు. ఆ థర్మాకోల్ డబ్బాను రెండు చేతులతో ఎత్తి నా ఒళ్లో పెట్టాడు. "తీస్కపోన్రి భావూ. మీ కరీంనగర్‌ల ఎవలకన్న ఇయ్యున్రి. రూతమ్మా, రాయే! నీ మాటనే."

"రేపట్నుంచి గాదు," అంది ఆమె, వాకిట్లోంచే. "ఇయ్యాల్నే."

"ఇయ్యాల్నే రా తల్లీ!"

ఆమె తిన్నగా లోపలికి రాలేదు. వాకిట్లో కుళాయి దగ్గర జుట్టు దులుపుకుంది. చేతులు మోచేతుల దాకా కడిగింది, రెండుసార్లు. లోపలికొచ్చి చేపల్ని ఒక్కొక్కదాన్నే చూసింది. పద్దెనిమిది మిగిలాయి. ఎవరు లేరో ఆమెకు లెక్కపెట్టకుండానే తెలిసింది. తర్వాత అల్మారా ముందు, నేను కూర్చున్న చోటికి వచ్చి వంగింది.

"జర జరుగున్రి సారూ. గాలి వస్తుందో లేదో నేను ఇనాలె."

నేను డబ్బా పట్టుకుని లేచి పక్కకు జరిగాను.